రోడ్డు దాచుట

తప్పు ఒక్క అక్షరంలో ఉంది. ఆ అక్షరాన్ని దిద్దడం ఒక్కటే ఎవరూ చేయలేదు. మిగిలినవన్నీ చేశారు.

వ్యక్తిగత జీవన నైపుణ్యాల మండలి వారు 'ఒక్కరికొక్కరు' అని ఒక పథకం పెట్టారు. తోటివాళ్ళకంటే కాస్త నిదానంగా నేర్చుకునే పిల్లలకు తలా ఒక శిక్షకుణ్ణి ఇచ్చి, బతకడానికి కావలసిన చిన్న చిన్న పనులు నేర్పించాలి. మంచి ఆలోచన. ఎవరికి వచ్చిందోగాని, వచ్చిన మనిషిని వెంటనే ఇంకో శాఖకు బదిలీ చేశారు.

ఆ శిక్షకుల్లో పానకాలరావు ఒకరు. డిగ్రీ కాలేజీలో ముప్పై నాలుగేళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. మూడేళ్ళ కిందట ఆయన భార్య రాజ్యం కన్నుమూసింది. ఏడువందల మొక్కల లాటిన్ పేర్లు తెలిసిన ఆయనకు పప్పులో ఉప్పు ఎప్పుడు వేయాలో తెలియదని ఆ తర్వాతి వారమే బయటపడింది. పక్కింటి ఆవిడ కిటికీలోంచి, నవ్వకుండా, ఒక్కొక్కటే చెప్పింది. అరవై రెండో ఏట అన్నం వార్చడం నేర్చుకున్నవాడికి, విసుక్కోకుండా నేర్పేవాళ్ళు దొరకడం ఎంత భాగ్యమో తెలుస్తుంది. అందుకే ఆయన దరఖాస్తు పెట్టుకున్నారు.

ఆయనకు ఇచ్చిన అమ్మాయి పేరు హెప్సిబా. పదమూడేళ్ళు, ఏడో తరగతి. ఏ మాటైనా ఆమెలోకి వెళ్ళడానికి నాలుగు రోజులు పడుతుంది. వెళ్ళాక, బయటికి రమ్మని బతిమాలినా రాదు. నీళ్ళు తాగేముందు గ్లాసు కడగాలని చెబితే నాలుగో రోజున మొదలుపెట్టి, ఆ వారంలో ఒక పెళ్ళికి వెళ్ళి, బంతిలో ఉన్న రెండువందల గ్లాసులూ కడిగి వచ్చింది.

ఆమె బడి రోడ్డుకు ఇవతల. ఆమె తల్లి మార్తమ్మ జాకెట్లు కుట్టే కొట్టు సరిగ్గా అవతల. మధ్యలో ముప్పై అడుగుల రోడ్డు, దాని మీద ఇసుక లారీలు, ఆటోలు, ఎవరి తొందర వాళ్ళది. నాలుగు గంటలకు బడి వదిలితే తనకంటే చిన్నపిల్లలు గేటు దాటి ఒంటరిగా వెళ్ళిపోతుంటే, హెప్సిబా కడ్డీలు పట్టుకుని నిలబడేది. మార్తమ్మ మిషను ఆపి, కొలతలిచ్చే ఆడవాళ్ళను కూర్చోబెట్టి వచ్చి తీసుకెళ్ళేది.

"నేనొక్కదాన్నే ఎప్పుడు పోయేది తాతా?" అని హెప్సిబా రోజూ అడిగేది.

త్వరలోనే పంపిస్తానని మాట ఇచ్చి, పానకాలరావు వెళ్ళి హెడ్మిస్ట్రెస్ అనసూయాదేవిని అడిగారు.

"నాకు మనసు లేక కాదు మాస్టారూ," అందావిడ. "మండలి పుస్తకంలో పదిహేడో నైపుణ్యం పాసైనట్టు కాగితం ఉంటేనే ఒంటరిగా వదలమన్నారు. వచ్చే నెలాఖరుకి పాసవకపోతే 'ఒంటరిగా పంపదగని బిడ్డ' అని రిజిస్టర్లో రాసెయ్యాలి. ఒకసారి రాశామంటే పదో తరగతి దాకా ఆ పిల్ల గేటు లోపలే."

"పదిహేడో నైపుణ్యం రోడ్డు దాటడమేగా? రెండు నెలల్నుంచీ చెయ్యి పట్టుకుని అదే నేర్పుతున్నాను."

"నాకు నంబరు వరకే తెలుసండీ."

ఆయన ఇంటికొచ్చి, అప్పుడే అందిన ముద్రిత పుస్తకం తెరిచారు. పదిహేను: బొత్తాలు పెట్టుకొనుట. పదహారు: అపరిచితులకు ఇంటి చిరునామా చెప్పకుండుట. పదిహేడు: రోడ్డు దాచుట.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. దాచుటే.

*

మండలి ఆఫీసులో సుభానీ అనే జూనియర్ అసిస్టెంటు ఆయన్ని చూడగానే కుర్చీ లాగాడు. "పదిహేడు గురించేనా సార్? కూసోండి. మీకన్నా ముందు పదకొండుమంది వచ్చిపోయినారు. ఆ ఫ్యాను కింద కూసోండి, అదొక్కటే తిరిగేది."

లోపల సంచాలకులు కోదండపాణిగారు ఉన్నారు. ఆయన మాట్లాడితే ప్రతి వాక్యానికీ కింద సంతకం, తేదీ ఉన్నట్టుండేది.

"అచ్చుతప్పు అని మీరు అభిప్రాయపడుచున్నారు," అన్నాడాయన.

"అభిప్రాయం ఏముందండీ. 'ట'కి బదులు 'చ' పడింది."

"పడినదా, వేయబడినదా? తప్పు అన్నచో దానికొక బాధ్యుడు ఉండవలెను. బాధ్యుడున్నచో విచారణ ఉండవలెను. ఒప్పు అన్నచో ఎవ్వరూ ఉండనవసరం లేదు. పైగా ఇరవై ఆరు వేల ప్రతులు పంపిణీ అయినవి. ఇరవై ఆరు వేలసార్లు ఒకే తప్పు జరుగునా మాస్టారూ? ఒకసారి జరిగితే తప్పు. ఇరవై ఆరు వేలసార్లు జరిగితే విధానం."

"అయితే పిల్లలకి రోడ్డు దాచడం నేర్పమంటారా?"

"నేర్పమని ఉన్నది కదా."

"ఎక్కడ దాచాలండీ?"

కోదండపాణిగారు పెన్ను మూత పెట్టాడు. "మంచి ప్రశ్న. ఉపసంఘమునకు నివేదింతుము."

ఉపసంఘం ఆరుసార్లు కూర్చుంది. దాచుట అనగా పొదుపు చేయుట, కనుక పిల్లవాడు రోడ్డును తక్కువగా వాడితే చాలునని ఒక సభ్యుడు అన్నాడు. దాచుట అనగా పరుల కంటబడకుండా ఉంచుట అని రెండో సభ్యుడు నిఘంటువు తెచ్చి చూపించాడు. మూడో సభ్యురాలు రోడ్డు దాటడం గురించి ఏదో అనబోయింది. ఎజెండాలో లేని అంశమని ఆపేశారు. ఆఖరికి రెండో అర్థమే నెగ్గి, అన్ని మండలాలకూ తాఖీదు వెళ్ళింది: ఎన్ని రోడ్లు దాచితిరో వారంలోగా తెలుపుడు.

తెలిపారు. ఆఫీసువాళ్ళు అడిగితే తెలపనివాళ్ళు ఎవరు? ఒక మండలం పన్నెండు రోడ్లు దాచామని రాసింది. పక్క మండలం పరువు కోసం పందొమ్మిది దాచింది.

"ఆ రోడ్లు ఎక్కడున్నాయో వెళ్ళి చూశారా?" అని పానకాలరావు అడిగారు.

"దాచారు గదా సార్, ఎట్టా కనపడతాయి?" అన్నాడు సుభానీ. ముఖంలో నవ్వు లేదుగాని, టీ గ్లాసు మాత్రం వణికింది.

అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. రోడ్లు వేసే శాఖ వారు మండలికి ఒక ఉత్తరం రాశారు. తమ రికార్డుల ప్రకారం వేసినవీ, ఎంత వెతికినా కనబడనివీ అయిన రోడ్లు జిల్లాలో నలభై మూడు ఉన్నాయట. ఇంతకాలం దీనికి కారణం తెలియక మనోవేదన పడ్డారట. ఇప్పుడు తెలిసిందట. ఇంత చిన్న వయసులో ఇంత నైపుణ్యం చూపిన చిన్నారులకు అభినందనలట. నలభై మూడు రోడ్లూ ఫలానా పిల్లలే దాచారని మండలి ఒక్క కాగితం ఇస్తే ఫైళ్ళు మూసేస్తారట.

మండలి ఇచ్చింది. కోదండపాణిగారికి శాలువా కప్పారు. ఇక ఆ 'చ'ని కదిలించే మొనగాడు ఎవడు? నలభై మూడు రోడ్లు దాని మీద ఆనుకుని ఉన్నాయి.

*

సోమవారం ఉదయం పిల్లలందరినీ బడి మైదానంలో నిలబెట్టి కోదండపాణిగారు స్వయంగా ప్రదర్శన ఇచ్చాడు.

"మండలి సులభమైన పద్ధతి కనిపెట్టినది. దీని పేరు నేత్రాచ్ఛాదనము. బిడ్డ రోడ్డు అంచున నిలబడును. రెండు అరచేతులతో కళ్ళు మూసుకొనును. రోడ్డు కనబడదు. కనబడనిది దాచబడినట్లే. శుక్రవారము తనిఖీ. అందరూ చేయుడు!"

పిల్లలందరూ కళ్ళు మూసుకున్నారు. హెప్సిబా కూడా.

పానకాలరావు గబగబా వెళ్ళి ఆమె చేతులు కిందికి దించారు.

"తల్లీ, రోడ్డు దగ్గర కళ్ళు మూసుకోకూడదు. మనం ఏం నేర్చుకున్నాం?"

"కుడివైపు చూడాలి. ఎడమవైపు చూడాలి. మళ్ళా కుడివైపు. బండి లేకపోతే చెయ్యెత్తి నడవాలి, ఉరకగూడదు," అంది హెప్సిబా. తర్వాత మిగతా పిల్లలవైపు చూసి, "సారు కళ్ళు మూసుకోమన్నాడు గదా," అంది.

"అది వద్దమ్మా."

"పెద్దసారు గదా తాతా."

సోమవారం లోపలికి బయలుదేరిన మాట శుక్రవారానికి చేరుతుంది. చేరిందంటే ఇక జన్మలో వదలదు. పానకాలరావు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నారు. తనిఖీలో కళ్ళు మూసుకోకపోతే పిల్ల గేటు లోపల ఉండిపోతుంది. మూసుకుంటే పాసవుతుంది, అదే నమ్ముకుని ఏదో ఒక సాయంత్రం ఆ లారీల ముందు కళ్ళు మూసుకుని అడుగు వేస్తుంది.

ఆ సాయంత్రమే మార్తమ్మ కొట్టుకి వెళ్ళి చెప్పారు. ఆమె మిషను మీదినుంచి తల ఎత్తకుండా విన్నది. దారం పళ్ళతో కొరికి, అప్పుడు మాట్లాడింది.

"మేస్టారూ, మీరు చదువుకున్నోళ్ళు. నేనొక మాట అడగతా, తిట్టమాకండి. ఆయన్నీ ఓ రోజు ఈడ నిలబెట్టి కళ్ళు మూయిద్దామా?"

"పాపం తగులుతుందమ్మా."

"తగిల్తే లారీ తగలాల. పాపం ఎందుకు తగుల్ద్ది?" అని, గుడ్డను మళ్ళీ సూది కిందికి జరిపి, "నా బిడ్డ ఆ గేటు కడ్డీలు పట్టుకోని ఈ పక్కకి చూస్తంటే నాకు సూది కనపడదు మేస్టారూ. ఏదో ఒకటి చెయ్యండి. దానికి మాట ఇచ్చారు గదా," అంది.

మంగళవారం పొద్దున పానకాలరావు మంచం మీద దుప్పటి మారుస్తున్నారు. ఇద్దరున్నప్పుడు ఇది క్షణంలో అయ్యేది. రాజ్యం అవతల కొస పట్టుకునేది, ఈయన ఇవతల కొస. ఇప్పుడు ఒక్కడే విసిరితే దుప్పటి సగానికే పడి ముడతలవుతుంది. కొస పట్టుకుని మంచం అవతలికి వెళ్ళి లాగాలి. మూడేళ్ళుగా రోజూ అలాగే వెళుతున్నారు.

ఆ రోజు అవతలికి వెళ్ళి, కొస చేతిలో పట్టుకుని, అక్కడే నిలబడిపోయారు.

దేన్నైనా గుడ్డతో కప్పాలంటే, కొస పట్టుకుని అవతలికి దాటాలి.

దుప్పటి అలాగే వదిలేసి, చెప్పులు వేసుకుని, మార్తమ్మ కొట్టుకి పరుగులాంటి నడక నడిచారు.

"అమ్మా, నీ దగ్గర ముక్కలున్నాయా? ముప్పై అయిదు అడుగుల పొడుగు, రెండు అడుగుల వెడల్పు గుడ్డ కావాలి."

"ఎందుకండీ?"

"రోడ్డు దాచడానికి."

మార్తమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీకూ ఎక్కిందా?"

ఆయన చెప్పారు. ఆమె మొదట నోరు తెరిచింది, తర్వాత చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ పూటే సంచి బోర్లించింది. పదేళ్ళుగా మిగిలిన జాకెట్టు ముక్కలు, లైనింగులు, జరీ అంచులు, ఎవరో కొలత కుదరక వదిలేసిన ఎర్ర పట్టు. అన్నీ కలిపి కుట్టడం మొదలుపెట్టింది. బేరాలకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు సంగతి విని, అడక్కుండానే కూర్చుని ముక్కలు వరస పెట్టిచ్చారు.

హెప్సిబాకు పానకాలరావు మంగళవారం నుంచే చెప్పడం మొదలుపెట్టారు. "కొస పట్టుకో. కుడి చూడు. ఎడమ చూడు. మళ్ళీ కుడి చూడు. చెయ్యెత్తు. కొస వదలకుండా అమ్మ దగ్గరికి వెళ్ళు." బడి వరండాలో పొద్దున ముప్పైసార్లు, సాయంత్రం ముప్పైసార్లు. కళ్ళ సంగతి ఎత్తలేదు. నాలుగు రోజులు పడితే ఈ మాట శనివారానికిగాని చేరదు, రోజూ అరవైసార్లు చెబితే ఒకరోజు ముందే చేరుతుందేమోనని ఆశ. కొస పట్టుకున్న చెయ్యీ, పైకెత్తిన చెయ్యీ రెండూ పనిలో ఉంటే కళ్ళు మూసుకోవడానికి మూడో చెయ్యి లేదు. ఆయన ధైర్యమంతా ఆ లెక్క మీదే ఉంది.

*

శుక్రవారం నాలుగు గంటలకు జీపు బడి ముందు ఆగింది. కోదండపాణిగారు దిగాడు. వెనక ఫైలు పట్టుకుని సుభానీ. గేటు దగ్గర అనసూయాదేవి.

"బిడ్డ కళ్ళు మూయవచ్చును," అన్నాడు కోదండపాణిగారు, గడియారం చూసుకుంటూ.

"మేము సామగ్రితో దాస్తామండీ," అన్నారు పానకాలరావు. "పుస్తకం నాలుగో పేజీ. 'శిక్షకుడు స్థానికముగా లభించు సామగ్రిని వినియోగించుకొనవచ్చును.'"

కోదండపాణిగారు పుస్తకం తెప్పించి చూశాడు. ఉంది. అచ్చయినదాన్ని కాదనే అలవాటు ఆయనకు లేదు. "రోడ్డు మొత్తము ఎనిమిది కిలోమీటర్లు కదా. ఈ పీలిక చాలునా?"

"రోడ్డు దాచుట అనే ఉందండీ. ఎంత పొడుగు అని లేదు."

"లేదు," అని ఆయన కొంత విచారంగా ఒప్పుకున్నాడు. "కానిండు. కాని ఎవరును సాయపడరాదు. వాహనములను ఆపరాదు. ఒక్కరికొక్కరు."

పానకాలరావు ఒక కొస పట్టుకుని ఇవతల కూర్చున్నారు. రెండో కొస హెప్సిబా ఎడమ చేతిలో ఉంది. ఆమె రోడ్డు అంచున నిలబడింది. అవతల కొట్టు మెట్టు మీద మార్తమ్మ, రెండు చేతులూ గుండెల మీద.

హెప్సిబా కుడివైపు చూసింది. లారీ. ఎడమవైపు చూసింది. రెండు ఆటోలు. మళ్ళీ కుడివైపు. మోటారు సైకిలు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఒక నిమిషం. రెండు. మూడు.

"ఏమి ఈ జాప్యము? దాచుటకు అటూ ఇటూ చూచుట ఎందులకు?"

"ఎవరైనా చూస్తున్నారేమోనని చూసుకోవాలి కదండీ, దాచేముందు," అన్నారు పానకాలరావు.

కోదండపాణిగారు తల పంకించాడు. "సముచితము. వ్రాసికొనుము, సుభానీ. బిడ్డ జాగరూకతతో దాచుచున్నది."

అప్పుడు హెప్సిబా కుడి చెయ్యి నిదానంగా పైకి లేచింది. సగందాకా వచ్చి, ముఖం దగ్గర ఆగింది.

 అరచెయ్యి ఆమె కళ్ళ ఎదురుగా ఉంది. పైకి పోవాలో, కళ్ళమీదికి పోవాలో తేల్చుకోలేనట్టు అక్కడే ఉంది. పానకాలరావు అరవాలనుకున్నారు. అరిస్తే తనిఖీ పోతుంది. పోతే పోయిందనుకుని ఆయన నోరు తెరిచేలోపల, ఆ చెయ్యి నుదుటి మీది చెమట తుడుచుకుని పైకి, తలమీదికి వెళ్ళింది.

హెప్సిబా నడిచింది. ఉరకలేదు. వెనక గుడ్డ విప్పుకుంటూ పోయింది: పసుపు, నీలం, చిలకపచ్చ, ఎర్ర పట్టు. కుడివైపునుంచి వచ్చిన ఆటోవాడు ఆ రంగులు చూసి ఆగాడు. వాడి వెనక ఇసుక లారీ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఎవరమ్మా వచ్చేది? మంత్రా, దేవుడా?" అని కేకేశాడు. జవాబు లేకపోయినా, ఎవరి గుడ్డ తొక్కితే ఏం గొడవోనని ఇంజను ఆపేశాడు. తొందర ఉన్న ఊరిలో అంతమంది ఒక్క నిమిషం ఊరికే ఆగడం పానకాలరావు ఎన్నడూ చూడలేదు.

అవతలి అంచున హెప్సిబా కొసను నేలమీద పెట్టి, ముడతలు సరిచేసి, దాని మీద ఒక రాయి పెట్టింది. అప్పుడు తల్లిని చూసింది. "వచ్చాగదా," అంది.

మార్తమ్మ ఏం చేసిందో లారీ అడ్డం ఉండి ఇవతలివాళ్ళకు కనబడలేదు. గేటు దగ్గర అనసూయాదేవి మాత్రం పక్కకు తిరిగి ముక్కు చీదింది.

"రోడ్డు రెండడుగుల మేర సంపూర్ణముగా దాచబడినది," అని కోదండపాణిగారు చెప్పాడు. సుభానీ రాశాడు. పిల్ల రోడ్డు దాటిన సంగతి ఫారంలో గడి లేనందువల్ల ఆయన కంటబడలేదు. "ఉత్తీర్ణురాలు. ఇక బిడ్డ సంతకము నా సమక్షమున తీసికొనవలెను. పిలువుడు."

"బడి వదిలేశారండీ. ఆమె వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది," అన్నారు పానకాలరావు, గుడ్డ చుట్టుకుంటూ.

నెలాఖరుకు ఇంకా ఒక్కరోజే ఉంది. సంతకం లేని ఫారం చెల్లదు. కోదండపాణిగారు ఫైలు చంకన పెట్టుకుని రోడ్డు అంచుకు నడిచాడు. గుడ్డ పోయింది, లారీ కదిలింది, ఆటోలు నిమిషం బాకీ తీర్చుకుంటున్నట్టు పరిగెత్తుతున్నాయి. ఆయన ఒక అడుగు వేశాడు. హారన్ మోగింది. వెనక్కి వేశాడు. మళ్ళీ వేశాడు. పదిహేనేళ్ళుగా జీపు దిగితే ఆఫీసు, ఆఫీసు దిగితే జీపు అయిన మనిషి.

"సుభానీ! వాహనములను ఆపుము!"

"ఎవరూ ఆపగూడదన్నారు గదా సార్, తనిఖీ అయ్యేదాకా," అన్నాడు సుభానీ వినయంగా.

అవతల హెప్సిబా ఆయన్ని కాసేపు గమనించింది. కుడి, ఎడమ, కుడి చూసి, చెయ్యెత్తి, తిరిగి వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుంది.

"కుడివైపు చూడు సారూ."

కోదండపాణిగారు చూశాడు.

"అటుగాదు. అది ఎడమ. అన్నం తినే చెయ్యి ఏదీ? ఆ. ఆ పక్కకి."

ఆమె తొందరపడలేదు. ఆయన తప్పు చూసిన ప్రతిసారీ మొదటినుంచి చూపించింది. అయిదోసారికి ఇద్దరూ నడిచారు, ఆమె చెయ్యి పైన, ఆయన ఫైలు పైన. మార్తమ్మ మిషను బల్ల మీది గుడ్డలు పక్కకు జరిపి చోటిచ్చింది. హెప్సిబా ఒక్కొక్క అక్షరమే దిద్ది సంతకం చేసింది. కోదండపాణిగారు కింద చేశాడు, తేదీ వేశాడు. 'రోడ్డు దాచుటయందు ప్రథమ శ్రేణి.'

పని అయింది. ఆయన బయటికి వచ్చి చూశాడు. జీపు అవతల ఉంది.

మెట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత, ఫారం అవసరం లేకుండా ఆయన నోటినుంచి మొదటిసారి ఒక మాట వచ్చింది: "పాపా, ఒకసారి వస్తావా?"

హెప్సిబా లేచింది. వెళుతూ వెళుతూ తల్లివైపు తిరిగి, ఆయన వినకూడదని గొంతు తగ్గించి చెప్పింది.

"ఈ సారుకి ఇంకా రాలేదమ్మా. రేపు కూడా రమ్మని చెప్పు. నేర్పిస్తా."